అలచందల చేను - మన కంది సాలు

దావీదు బలాఢ్యులలో షమ్మా అనే ఒకాయన ఉన్నాడు. సమూయేలు రెండవ గ్రంథము 23వ అధ్యాయంలో ఆయనను గురించి ఉన్నవి రెండు వచనాలే. ఫిలిష్తీయులు గుంపుకట్టి వచ్చారు. జనమంతా పారిపోయారు. షమ్మా ఒక్కడే చేని మధ్యలో నిలబడి దానిని కాపాడాడు. ప్రభువు ఆనాడు గొప్ప రక్షణ కలుగజేశాడు.

ప్రియ పాఠకులారా, అది ఏమి చేనో ఎప్పుడైనా గమనించారా? ద్రాక్షతోట కాదు, గోధుమ చేను కూడా కాదు. మన తెలుగు బైబిలులో దానిని అలచందల చేను అన్నారు. మన పరిగి, హిందూపురం ప్రాంతంలో అలసందలు అని మనం చెనిక్కాయల మధ్య చల్లుకునే పంటే. ఒక పప్పుగింజల చేని కోసం ఒక మనిషి ప్రాణానికి తెగించాడు, ఆ సంగతిని పరిశుద్ధ గ్రంథం మరువకుండా వ్రాసిపెట్టింది. పప్పు అంటే అంత చిన్న సంగతేమీ కాదన్నమాట.

ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న

ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఒక బుధవారం సాయంత్రపు బైబిలు పఠనం. ఆ రోజు లేవీయకాండము 19వ అధ్యాయం చదువుకున్నాము. పొలంలో రెండు జాతుల విత్తనములు కలిపి చల్లరాదని 19వ వచనంలో ఉన్నది. చదవడం ముగియగానే వెనుక చాప మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "అయ్యగారూ, మేమంతా తాతల కాలం నుంచి చెనిక్కాయలో కంది సాలు పెడుతూనే ఉండాము గదా. అది పాపమేనా? ఇంకో మాట. ఇప్పుడేమో ఒక కందికి ఇంకో కంది పుప్పొడి అంటించి కొత్త విత్తనం చేస్తున్నారంటారు. దేవుడు చేసినదానిని మనిషి మార్చొచ్చునా?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వచ్చే వారం చెబుతానన్నాను. ఆ రాత్రి నాకు ఆ ప్రశ్నతో పాటు ఒక సహోదరి కూడా గుర్తుకు వచ్చింది. ఆమె సంగతి ముందు చెప్పాలి.

ఆమె విధవరాలు, ఇద్దరు బిడ్డల తల్లి, నాలుగెకరాల మెట్ట. ఒక సంవత్సరం కళ్లంలోనే కందులన్నీ అమ్మేసింది. అప్పు తీర్చాలి గనుక విత్తనానికి దాచుకున్న గంప కూడా పోయింది. జూన్‌లో వాన పడినప్పుడు విత్తనం లేదు. ప్రార్థన కోసం నా దగ్గరకు వచ్చింది. నేను ప్రార్థించి, దేవుడే విత్తనం ఇస్తాడు, దిగులుపడవద్దమ్మా అని పంపించాను. ఆమె ఎక్కడో చీటీ లేని, బిల్లు లేని విత్తనం తక్కువ ధరకు తెచ్చి వేసింది. చేను నడుము ఎత్తు లేచిన తరువాత ఒక్కొక్క చెట్టు వాడి, నిలువునా ఎండిపోయింది. ఆ ఏడు ఆ బిడ్డలు సంకటిలోకి పచ్చిమిరపకాయ ఊరుబిండితోనే గడిపారు. చిన్నవాడు బడిలో నీరసించి పడిపోయాడని తరువాత తెలిసింది.

నా ప్రార్థన తప్పు కాదు. కాని విత్తనం గురించి నాలుగు మాటలు తెలుసుకొని చెప్పవలసినవాడను, చెప్పలేదు. అందుకే అప్పటి నుంచి చదివాను, తెలిసినవారిని అడిగాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

ధర్మశాస్త్రము ఏమి చెబుతున్నది?

లేవీయకాండములోని ఆ ఆజ్ఞ ఒంటరిగా లేదు. అదే వచనంలో రెండు రకాల నూలుతో నేసిన బట్ట కట్టకూడదని కూడా ఉన్నది. ఇశ్రాయేలీయులు అన్యజనులలో కలిసిపోకుండా, ప్రత్యేకింపబడిన జనముగా ఉండాలని తినడంలో, కట్టుకోవడంలో, విత్తడంలో దేవుడు వారికి గురుతులు పెట్టాడు. క్రీస్తునందు ఆ నీడలకు నిజస్వరూపం వచ్చిందని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయం బోధిస్తున్నది. నూలు, పాలియెస్టరు కలిసిన చొక్కా తొడుక్కొని గుడికి వచ్చే మనము కంది సాలుకు మాత్రం భయపడనవసరం లేదు.

యెషయా 28వ అధ్యాయం చివరి భాగం చదవండి. అక్కడ ఒక సేద్యగాడు కనిపిస్తాడు. ఏ గింజను ఎక్కడ చల్లాలో, దేనిని కర్రతో కొట్టాలో, దేనిని బండితో నూర్చాలో అతనికి తెలుసు. ఆ తెలివి అతనికి నేర్పినవాడు దేవుడేనని ప్రవక్త చెబుతున్నాడు. అంటే సేద్యపు తెలివి కూడా దేవుని వరమే. యాకోబు లాబాను మందలో బలమైన జీవాలను ఏరి చూలు కట్టించుకున్న సంగతి ఆదికాండము 30లో ఉన్నది. మంచిదానిని ఏరుకోవడం అనేది పితరుల కాలం నుంచి ఉన్నదే.

బటానీ మడిలో ఒక సన్యాసి

ఈ ఏరుకోవడానికి ఒక లెక్క ఉన్నదని కనిపెట్టినవాడు కూడా దేవుని సేవకుడే. పేరు గ్రెగర్ మెండెల్. 1822లో ఇప్పటి చెక్ దేశంలోని ఒక పల్లెలో రైతు బిడ్డగా పుట్టాడు. చదువుకు డబ్బు లేకపోతే చెల్లెలు తన కట్నానికి ఉంచిన సొమ్ములో కొంత ఇచ్చి చదివించింది. రోమన్ కేథలిక్ మఠంలో చేరి సన్యాసి అయ్యాడు. ఉపాధ్యాయ పరీక్షలో రెండుసార్లు గట్టెక్కలేకపోయాడు. ఆయన మన సంఘపు వాడు కాకపోయినా, ఆయన ఓర్పు మనకు ఆదర్శమే.

1856 నుంచి 1863 వరకు బ్రూన్ పట్టణంలోని మఠపు తోటలో ఆయన బటానీ మొక్కలు పెంచాడు. బటానీ పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టుకుంటుంది. మెండెల్ మొగ్గ విప్పకముందే దానిని తెరిచి, పుప్పొడి తిత్తులు తీసివేసి, వేరొక మొక్క పుప్పొడిని అంటించి, చిన్న సంచి కట్టేవాడు. గుండ్రని గింజల మొక్కను, ముడతల గింజల మొక్కను ఇలా కలిపాడు. మొదటి తరంలో అన్నీ గుండ్రని గింజలే వచ్చాయి. ముడతలు పోయినట్లే కనిపించింది. కాని ఆ గింజలను మళ్లీ నాటితే రెండవ తరంలో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి వచ్చాయి. ఇంచుమించు మూడింటికి ఒకటి. అంటే ముడతల గుణం చచ్చిపోలేదు, దాగి ఉన్నది.

1865లో ఆయన ఈ సంగతి పండితుల సభలో చెప్పాడు, 1866లో అచ్చయింది. దాని విలువ ఎవరూ గ్రహించలేదు. 1884లో ఆయన ప్రభువునందు నిద్రించాడు. 1900లో ముగ్గురు శాస్త్రవేత్తలు వేరువేరుగా అదే సత్యాన్ని కనుగొని, వెనుకటి వ్రాతలు వెదికితే మెండెల్ పేరు బయటపడింది. నాటినవాడు ఒకడు, కోసినవారు వేరొకరు. ఈ రోజు ప్రపంచంలో వస్తున్న కొత్త వంగడాలకు ఆ బటానీ మడి లెక్కే పునాది. ఒక మొక్కలో ఉన్న మంచి గుణాన్ని మరొక మొక్కలో ఉన్న మంచి గుణంతో కలపవచ్చు, దాగినదానిని తరువాతి తరంలో బయటికి తీయవచ్చు అని ఆయన చూపించాడు.

తెగులు మడిలో నిలిచిన కంది

మన దగ్గర బటానీ పండదు. మనకు బటానీ వంటిది కంది. అదీ అదే కుటుంబపు మొక్కే. చెనిక్కాయ, అలసంద, అనప, ఉలవ, పెసర అన్నీ ఆ కుటుంబమే. వీటి వేళ్ల మీద చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఎరువుగా ఇస్తాయి. పాత అనంతపురం జిల్లాలో సగటు వర్షం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర. ఇంత తక్కువ వానలో, ఇంత పేద ఎర్రనేలలో దేవుడు మనకు ఇటువంటి పంటలు ఇచ్చాడంటే ఆయన ముందుచూపుకు స్తోత్రం చెప్పాలి.

1972లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఏర్పడింది. అక్కడి విత్తన భాండాగారంలో 13,000కు పైగా కంది రకాలు భద్రపరచబడి ఉన్నాయి. యోసేపు ఐగుప్తులో ధాన్యం దాచినట్లు వీరు విత్తనం దాచారు.

మన సహోదరి చేనును చంపినది ఎండు తెగులు. అది నేలలోనే ఉంటుంది, మందు కొడితే పోయేది కాదు. శాస్త్రవేత్తలు ఏమి చేశారంటే, కావాలనే ఆ తెగులు నిండిన మడి ఒకటి తయారు చేసి, వందలాది కంది రకాలను అందులో నాటారు. చచ్చేవి చచ్చాయి. నిలిచినవాటి గింజను ఏరి మళ్లీ అదే మడిలో వేశారు. మహారాష్ట్ర రైతుల పాత కంది నుంచి అలా ఏరిన రకమే మారుతి. 1986లో కర్ణాటకలో విడుదలయింది. తరువాత ఎండు తెగులును, వెర్రి తెగులును రెండింటినీ తట్టుకునే ఆశ అనే రకం 1993లో వచ్చింది. వెర్రి తెగులు పట్టిన చెట్టు మీరు చూసే ఉంటారు. పచ్చగా గుబురుగా ఉంటుంది, పూత ఉండదు, కాయ ఉండదు. ప్రభువు చూచిన ఆకుల అంజూరపు చెట్టు వంటిది. దానిని ఒక నల్లి మోసుకొస్తుంది.

శ్రమల మడిలో నిలిచినదానినే విత్తనానికి ఏరుకుంటారు. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు కూర్చుండిపోయాను. మన శ్రమలను గురించి నేను చేసిన ప్రసంగాలన్నిటికంటె ఆ మడి గట్టిగా ప్రసంగించింది.

గట్టు మీది పిచ్చిమొక్క

దిగుబడి పెంచడానికి సంకర విత్తనం మరొక మార్గం. రెండు వేరు రకాలను కలిపితే మొదటి తరం మొక్కలు తల్లిదండ్రులకంటె బలంగా పెరుగుతాయి. కాని కందిలో ప్రతి పువ్వునూ చేత్తో కలపడం జరిగే పని కాదు. పుప్పొడి లేని కంది చెట్లు దొరికిన తరువాత తేనెటీగల చేత ఆ పని చేయించారు. 1991లో ఐ.సి.పి.హెచ్.8 అనే మొదటి సంకర కంది విడుదలయింది. అయితే విత్తనం తయారు చేసే మడిలో సగం చెట్లు పుప్పొడి ఉన్నవే వచ్చేవి. పూత సమయంలో ఒక్కొక్కటే చూసి పీకాలి. ఖర్చు పెరిగి అది రైతుల దాకా రాలేదు.

శాస్త్రవేత్తలు విడిచిపెట్టలేదు. అడవిలో పెరిగే కంది జాతి ఒకటి ఉన్నది. దాని గింజ చిన్నది, ఎవరూ తినరు. దానిని మన కందితో కలిపితే, పుప్పొడి లేని చెట్లు తరతరానికీ నిలకడగా వచ్చాయి. ఆ దారిలో వచ్చిన ఐ.సి.పి.హెచ్.2671 అనే సంకరం 2010లో మధ్యప్రదేశ్‌లో, ఐ.సి.పి.హెచ్.2740 అనే సంకరం 2015లో తెలంగాణలో మన్నెంకొండ కంది అనే పేరుతో విడుదలయ్యాయి. రైతుల చేలలో వేసి చూస్తే స్థానిక రకాలకంటె మూడవ వంతుకు అటూ ఇటూగా ఎక్కువ పండాయి. ఇల్లు కట్టేవారు పనికిరాదన్న రాయి మూలకు తలరాయి అయిన సంగతి మనకు తెలుసు. సృష్టిలో కూడా ప్రభువు అదే విధంగా పని చేస్తాడు.

మాంసకృత్తుల మాట

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. మన బిడ్డల ఎముకకు, కండకు, రక్తానికి మాంసకృత్తులు కావాలి. కందిలో అవి వందకు 20 నుంచి 22 పాళ్లు ఉంటాయి. రాగిలో 7 పాళ్లు మాత్రమే. అయితే ఒక అద్భుతం చూడండి. రాగి, బియ్యం వంటి ధాన్యాలలో కొరతగా ఉండే లైసిన్ అనే సారం పప్పులో సమృద్ధిగా ఉంటుంది. పప్పులో కొరతగా ఉండేది ధాన్యంలో ఉంటుంది. సంకటి, పప్పు ఒకదాని లోటు మరొకటి తీరుస్తాయి. మన అవ్వలు ఏ కాలేజీలో చదివి సంకటిలోకి ఉలవచారు, చలికాలంలో అనపగింజల పితికిపప్పు చేశారు? యెషయా చెప్పిన ఆ బోధకుడే వారికీ నేర్పాడు.

కందిలోనే ఈ పాళ్లు పెంచవచ్చునా అని ఇక్రిశాట్‌లో ప్రయత్నం చేశారు. గట్ల మీద, పొదల్లో పాకే అడవి కంది జాతులు కొన్నిటిలో మాంసకృత్తులు ఎక్కువ. వాటిని సాగు కందితో కలిపి, తరతరానికీ ఏరుతూ పోతే 28 పాళ్ల దాకా ఉన్న కందులు వచ్చాయి. లెక్క వేసుకోండి. ఎకరాకు నాలుగు క్వింటాళ్లు పండితే, 22 పాళ్ల కందిలో 88 కిలోల మాంసకృత్తులు ఉంటాయి. 28 పాళ్ల కందిలో 112 కిలోలు. అదే నేల, అదే వాన, 24 కిలోలు అదనం.

మరి అవి మన చేలకు ఎందుకు రాలేదు? మాంసకృత్తులు పెంచబోతే గింజ చిన్నదవుతుంది, దిగుబడి తగ్గబోతుంది. రెండూ కలిసి రావాలంటే ఎన్నో తరాలు ఓపికగా ఏరాలి. అంతకంటె పెద్ద కారణం ఇంకొకటి. మార్కెట్‌లో వ్యాపారి తూకం చూస్తాడు, రంగు చూస్తాడు, గింజ లావు చూస్తాడు. లోపలి సారానికి ధర కట్టడు. కంటికి కనిపించనిదానికి విలువ ఇవ్వడు. మనుష్యులు పైరూపాన్ని లక్ష్యపెడతారని సమూయేలుకు ప్రభువు ఎప్పుడో చెప్పాడు.

పని మాత్రం ఆగలేదు. ఆశ కంది జన్యుపటాన్ని చదివి 2012లో ప్రకటించారు. కందిలో తొలిగా చదివినది అదే, 48,680 జన్యువులు లెక్క తేలాయి. 2024లో వెలుతురును, వేడిని అదుపు చేసి తరాలను త్వరగా పండించే పద్ధతిని ఇక్రిశాట్ వెల్లడి చేసింది. పదేళ్లు దాటి పట్టే పని కొద్ది సంవత్సరాలకు తగ్గుతుందని చెప్పారు. 2025లో 45 డిగ్రీల ఎండకు తట్టుకొని 125 రోజుల్లో కోతకు వచ్చే వేసవి కంది ఒకటి ప్రకటించారు. మన జిల్లా కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి 6, కదిరి లేపాక్షి చెనిక్కాయ రకాలు మీలో ఎందరో వేసినవే. అవి కూడా ఇటువంటి ఓపిక ఫలాలే.

మనము చేయవలసినది

మొదటిది, విత్తనం తరువాతనే అమ్మకం. ఐగుప్తు జనులకు యోసేపు పంట పంచినప్పుడు అయిదింట నాలుగు పాళ్లు విత్తనానికీ తిండికీ ఉంచుకోమన్నాడు. సాలు కందికి ఎకరాకు కావలసిన విత్తనం కొద్ది కిలోలే. కళ్లంలోనే దానిని వేరు చేసి, బాగా ఎండబెట్టి, వేపాకు వేసి మూత పెట్టండి. ఏ అప్పులవాడికీ అది చూపించవద్దు.

రెండవది, కోతకు ముందే విత్తనం చెట్టును ఏరండి. చేని అంచున కాక మధ్యలో ఉన్న, తెగులు లేని, కాయ నిండిన చెట్లకు గుడ్డపీలిక కట్టి, వాటి గింజ వేరుగా నూర్చండి. కందిలో తేనెటీగలు పక్క చేని పుప్పొడిని కలుపుతాయి గనుక, మూడేళ్లకొకసారి నమ్మకమైన చోట కొత్త విత్తనం తెచ్చుకోవడం మంచిది. సంకర విత్తనం మాత్రం దాచి మళ్లీ వేయరాదు. మెండెల్ చూపినట్లు రెండవ తరంలో గుణాలు చీలిపోతాయి.

మూడవది, కొన్నదానికి బిల్లు, సంచికి చీటీ రెండూ దాచుకోండి. విత్తే ముందు నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. 75 అయినా మొలకెత్తకపోతే ఆ విత్తనం వేయవద్దు. మీ నేలలో ఎండు తెగులు ఉంటే తట్టుకునే రకం ఏదో రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి. అడగడం నామోషీ కాదు.

నాలుగవది, ఇంటి పప్పు ఇంటికే. అమ్మలారా, అక్కలారా, అమ్మే బస్తాలలో ఒక్కటి ఎర్రమన్ను కట్టి ఎండబెట్టి, పప్పు విసిరి బిడ్డలకు ఉంచండి. ఏశావు ఒక పూట ఆకలికి చిక్కుడుకాయల వంటకం కోసం జ్యేష్ఠత్వం అమ్ముకున్నాడు. మనము చిల్లర సొమ్ము కోసం బిడ్డల బలాన్ని అమ్ముకుంటే ఏశావుకంటె తెలివైనవారము కాము. దానియేలు, అతని స్నేహితులు పది దినాలు శాకధాన్యాదులు తిని రాజభోజనం తిన్నవారికంటె కళకళలాడిన సంగతి మీ బిడ్డలకు వడ్డించేటప్పుడు చెప్పండి.

తరువాతి బుధవారం

మరుసటి వారం ఆ పెద్దాయనకు ఈ సంగతులన్నీ చెప్పాను. ఆయన అంతా విని, "అయితే అయ్యగారూ, దేవుడు దాచిపెట్టింది వెదుక్కోవడమే గాని, ఆయన పని మనం చెయ్యడం కాదన్నమాట" అన్నాడు. ఆ మాట నేను వెదికి కూడా అంత చక్కగా చెప్పలేకపోయేవాడిని. పౌలు నాటాడు, అపొల్లో నీళ్లు పోశాడు, వృద్ధి కలుగజేసినవాడు దేవుడు. పుప్పొడి అంటించిన చేతికీ, తెగులు మడిలో ఏరిన చేతికీ అదే వర్తిస్తుంది.

ఆ సహోదరి ఆ సాయంత్రం కూడా వచ్చింది. కూటం ముగిశాక మాలో ఇద్దరు ముగ్గురు తమ కందులలో తలా కొంత ఆమెకు విత్తనానికి ఇచ్చారు. ఆమె దానిని తడిగుడ్డలో మొలక చూసుకున్న తరువాతే చేనికి తీసుకుపోయింది. ఆ తరువాతి సంక్రాంతి నాటికి ఆమె తీసుకున్నదంతా తిరిగి కొలిచి ఇచ్చి, మరొక శేరు ఎక్కువ తెచ్చింది. "వచ్చే ఏడు ఇంకెవరికైనా కావలసి వస్తుంది గదయ్యా" అన్నది. ఇప్పుడు మా మందిరం వెనుక గదిలో ఒక మూత డబ్బా ఉన్నది. కోతకాలంలో కలిగినవారు తలా ఒక శేరు మంచి కందులు వేస్తారు, విత్తుకాలంలో లేనివారు తీసుకుంటారు, పండిన తరువాత తిరిగి వేస్తారు. మీ సంఘంలో కూడా ఇటువంటి డబ్బా ఒకటి పెట్టుకోవచ్చును. పెద్ద ఖర్చు లేదు.

జయమంగళి పెన్నలో కలిసే ఈ గడ్డ మీద నీళ్లు ఎప్పుడూ తక్కువే. జనం బెంగుళూరు బస్సెక్కి పోతూనే ఉన్నారు. అయినా చేని మధ్యలో నిలబడేవాడు ఒక్కడున్నా ప్రభువు రక్షణ కలుగజేస్తాడని షమ్మా మనకు సాక్షి. మీ విత్తనాన్ని, మీ బిడ్డల కంచాన్ని కాపాడుకోండి. విత్తువానికి విత్తనమును, తినుటకు ఆహారమును దయచేయు దేవుడు మీ చేలను, మీ గాదెలను, మీ ఇండ్లను దీవించును గాక. ఆమేన్.